నీలం రక్తం వీడియో

మా పాత స్కూలు వాళ్ళు ఈ మధ్య నున్నటి కాగితం మీద ఒక పుస్తకం అచ్చేసి, పాత ఉద్యోగులందరికీ పంపారు. అందులో ఒక పేజీ నిండా నా కథ ఉంది. నేను మాత్రం లేను. కరోనా కాలంలో యాజమాన్యం ముందుచూపుతో ఇన్‌స్టాగ్రామ్‌ను చదువుకు సాధనంగా మార్చిందట. టీచర్లకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చిందట. పిల్లలు ఆడుతూ పాడుతూ సైన్సు నేర్చుకున్నారట.

మూడూ అబద్ధాలే. యాజమాన్యం ముందుచూపు నాకు మెమో రూపంలో అందింది. స్వేచ్ఛ ఎవరూ ఇవ్వలేదు, అడిగాక జవాబు వచ్చేలోపు నేనే వాడేసుకున్నాను. ఇక పిల్లలు ఆడలేదు, పాడలేదు. పోట్లాడుకున్నారు. ఒకరి తప్పు ఒకరు పట్టుకుని, పుస్తకాలు ముందేసుకుని, నెలల తరబడి పోట్లాడుకున్నారు. అందుకే నేర్చుకున్నారు.

ఉద్యోగం వదిలేశాను కాబట్టి ఇప్పుడు ఎవరికీ భయపడనక్కర్లేదు. అప్పుడు భయపడ్డానని కాదు. కొత్తగా టీచర్లయిన వాళ్ళు కొందరు నన్ను అడుగుతుంటారు, క్లాసు కోసం ఒక పేజీ పెట్టమంటారా మేడమ్, పిల్లల్ని ఫోన్ దగ్గరికే రానివ్వొద్దంటారా అని. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సలహా ఇవ్వను. జరిగింది చెప్తాను.

నేను దుబాయ్‌లో ఒక ఇండియన్ స్కూల్లో బయాలజీ టీచర్ని. ఆ ఏడు తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. పాఠాలన్నీ కంప్యూటర్ తెర మీదికి వచ్చేసిన రోజులు. తెర నిండా నల్లటి గళ్ళు, గడికో పేరు. గుండె గురించీ ఊపిరితిత్తుల గురించీ ఆ నల్ల గళ్ళకు చెప్పుకుంటూ పోయేదాన్ని. మధ్యలో "అర్థమైందా?" అని నేనే అడిగి, "అయింది" అని నేనే అనుకుని ముందుకు నడిచేదాన్ని.

వాటిలో ఒక గడి అసలు నోరు విప్పేది కాదు. గోదావరి జిల్లా అమ్మాయి. ప్రశ్న అడిగితే మైక్ తెరుచుకోదు, కెమెరా సంగతి చెప్పనే అక్కర్లేదు. క్లాసులో పాల్గొన్నందుకు మార్కులని ఒకటుండేది, ఆ పిల్లకు ప్రతిసారీ సున్నా.

మా వైస్ ప్రిన్సిపాల్ ఒంగోలు వైపు ఆయన, ఒకప్పుడు ఫిజిక్స్ టీచరు. పెద్దాఫీసరును ఇక్కడ ముదీర్ అంటారు కదా, బస్సు డ్రైవర్ల దగ్గర్నుంచి మా దాకా అందరం ఆయన్ని అలాగే అనేవాళ్ళం. ఒకరోజు ఆయన ఫోన్ చేశారు.

"మేడమ్, ఆ అమ్మాయి విషయం తేల్చేయండి. పదో తరగతి పరీక్షకి మన స్కూల్ నుంచి పంపలేం. ఓపెన్ స్కూల్లో కట్టుకోమని వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పండి."

"ఎందుకు సార్?"

"ఎందుకేంది మేడమ్? నోరే తెరవని పిల్ల బోర్డు పరీక్షలో ఏం రాస్తది? మన రిజల్ట్ మనం చూసుకోవాలి గదా."

కొత్తవాళ్ళు ఇది తెలుసుకోవాలి. పదో తరగతి ఫలితాలు తళతళలాడాలంటే కొన్ని స్కూళ్ళు తొమ్మిదిలోనే వెనకబడ్డ పిల్లల్ని నెమ్మదిగా దింపేస్తాయి. దిగిపోయిన పిల్ల ఏమైందో ఆ తర్వాత ఎవరూ అడగరు. అయితే క్లాస్ టీచర్ ఊ అనకుండా మా దగ్గర అది జరిగేది కాదు.

"ఏడాది చివరిదాకా ఆగండి సార్. అప్పుడు చెప్తాను."

"ఆగితే ఏమొస్తది?"

"ఆగితే నాకు కోపం రాదు సార్."

ఆగారు. నా కోపం స్కూల్లో అందరికీ పరిచయమే.

ఆ పిల్ల తల్లికి ఫోన్ చేశాను. ఈ దేశంలో వాట్సాప్ కాల్ కలవదు, మెసేజీలూ వాయిస్ నోట్లూ వెళ్తాయంతే. మామూలు ఫోనే చేశాను. ఆవిడ ఒకప్పుడు స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా. బస్సులు ఆగిపోయాక ఇళ్ళల్లో పని చేసుకుంటోంది. భర్త జెబెల్ అలీలో గోడౌన్ పని.

"ఏమ్మా, పిల్ల మైక్ ఎందుకు తెరవదు? చదవదా?"

"సదవకపోడమేంటండీ మేడం గారూ. మేముండేది ఇంటర్నేషనల్ సిటీలో పార్టిషన్ గదండీ. మాకూ పక్కోళ్ళకీ మజ్జిన అట్టగోడే. అవతల నైటు డ్యూటీ సేసొచ్చినోళ్ళు పగలంతా పడుకుంటారు. పిల్ల గొంతెత్తిందంటే గోడ మీద దబదబా బాదేత్తారండీ."

"మరి కెమెరా?"

"కెమెరా తీత్తే ఏం కనపడద్దండీ? మంచం. మంచం మీద గిన్నెలు. గిన్నెల మీద బట్టలు. ఎదిగిన పిల్లండీ, దానికి సిగ్గుండదా?"

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా."

"ఎవరన్నా అడిగితే కదండీ చెప్పేది. మైక్ తియ్యి, మైక్ తియ్యి అంటారే గానీ, ఎందుకు తియ్యట్లేదని ఎవరడిగారండీ?"

అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ వారంలోనే, క్లాసులో ఎవరైనా మెలకువగా ఉన్నారో లేదో చూద్దామని, మనిషి గుండెకు మూడు గదులని గంభీరంగా చెప్పాను. తెర పక్కన పిల్లలు రాసుకునే చాట్ పెట్టె ఒక్కసారిగా పొంగింది. అందరికన్నా ముందు రాసింది ఆ గోదావరి పిల్ల. "మూడు గదులు కప్పకి మేడమ్. మీకు నాలుగు."

నవ్వాపుకోలేక రెండు నిమిషాలు నా మైక్ నేనే మూసుకున్నాను. ఒప్పు చెప్పినన్నాళ్ళూ నిద్రపోయిన క్లాసు, తప్పు చెప్పేసరికి లేచి కూర్చుంది. ఎదుటివాళ్ళ తప్పు పట్టడంలో ఉన్న సుఖం నాకు తెలియనిదా? పుట్టినప్పటి నుంచి అదే పని మీద ఉన్నాను. దాన్ని పాఠంగా వాడొచ్చని మాత్రం అప్పటిదాకా తట్టలేదు. ఇంతలో పిల్లలు ఆ పెట్టెలో క్రికెట్ కబుర్లు చెప్పుకుంటున్నారని స్కూలు దాన్ని మూయించేసింది. అప్పుడే నేను ఇన్‌స్టాగ్రామ్ వైపు చూశాను.

పద్ధతి ఇది. మా క్లాసు పిల్లలకు మాత్రమే కనిపించే ఒక పేజీ. వంతుల వారీగా ఒక్కొక్కరు నిమిషం వీడియోలో పాఠంలోని ఒక ముక్క చెప్పాలి. అందులో కావాలని ఒక తప్పు కలపాలి. వీడియో కింద, ఇందులో ఒక తప్పుంది, పట్టుకోండి అని రాయాలి. మిగతావాళ్ళు ఆ తప్పేమిటో, ఎందుకు తప్పో కామెంట్లలో రాయాలి. కారణం చెప్పకుండా ఉత్తినే "తప్పు" అని అరిస్తే చెల్లదు. మర్నాటికి కూడా ఎవరూ పట్టుకోలేకపోతే వీడియో చేసినవాళ్ళు గెలిచినట్టు. ముఖాలు కనబడకూడదు. చేతులు, బొమ్మలు, గొంతు, అంతే. ఇక్కడ ఫోటోల విషయంలో చట్టం గట్టిది, అదొక కారణం. మంచం మీద గిన్నెలు ఇంకో కారణం, అది ఎవరికీ చెప్పలేదు. పిల్లలందరి ఇళ్ళకూ ఫోన్ చేసి ఒప్పించాను. ముదీర్‌ని కూడా అడిగాను. ఆయన "చూద్దాం" అన్నారు. మన ఆఫీసుల్లో చూద్దాం అంటే వద్దని అర్థం. నాకది ఆ పూట గుర్తు రాలేదని అనుకోండి.

మా లెక్కల టీచరు, నెల్లూరు ముస్లిం అమ్మాయి, నాకన్నా బాగా చిన్నది. పేజీ చూసి తల పట్టుకుంది.

"నీ నోటితోనే చస్తా ఉండాం గదక్కా, ఇప్పుడు పిల్లకాయలకి కూడా అంటిస్తా ఉండావా?"

"నువ్వు కూడా మొదలుపెట్టు. లెక్క తప్పు చేసి పెట్టు, పట్టుకోమను."

"నా క్లాసులో తప్పు లెక్క నేను పెట్టబళ్ళేదు. వాళ్ళే పెడతారు."

మొదటి వారాల్లో తప్పులు నాసిగా ఉండేవి. ఊపిరితిత్తులు పొట్టలో ఉంటాయి లాంటివి. రాను రాను పదును తేలాయి. నమ్మేలా తప్పు చెప్పాలంటే ఒప్పు నఖశిఖపర్యంతం తెలిసుండాలి కదా, దానికోసం పుస్తకం తిరగేయడం మొదలుపెట్టారు. నేను నెల రోజులు బతిమాలినా తెరవని పుస్తకం అది. ఒక హైదరాబాద్ అబ్బాయి తప్పులు పట్టడంలో మొనగాడిగా తేలాడు. వాడి చేతికి చిక్కకుండా గెలిచేది ఒక్క గోదావరి పిల్లే. గదిలో మాట్లాడే వీలు లేదు కాబట్టి వాళ్ళ బిల్డింగ్ మెట్ల మీద కూర్చుని వీడియో తీసేది. గొంతు వెనక ఎప్పుడూ మెట్లదారి ప్రతిధ్వని. క్లాసులో మూగగా ఉన్న పిల్ల అక్కడ లాయర్‌లా వాదించేది.

స్కూళ్ళు సగం సగం తెరుచుకుంటున్న రోజుల్లో ఆ పిల్ల ఆ వీడియో పెట్టింది. తెర మీద తన ముంజేయి మాత్రమే. నరాల మీద నెమ్మదిగా వేలు నడిపిస్తూ చెప్పింది. "చూడండి, ఇవి నీలంగా ఉన్నాయి. వీటిలో ఉన్నది ఆక్సిజన్ లేని రక్తం. అది నీలం రంగులో ఉంటుంది. దెబ్బ తగిలి బయటికి రాగానే గాలిలో ఆక్సిజన్ కలిసి ఎర్రబడుతుంది. అందుకే నీలం రక్తం ఎవరికీ కనిపించదు. మన పుస్తకంలో బొమ్మ కూడా నీలంగానే వేశారు."

అబద్ధానికి ఇంత అందమైన చీర కట్టిన పిల్లను నేను చూడలేదు. క్లాసు రెండుగా చీలిపోయింది. సగం మంది అది నిజమే, తప్పు ఇంకెక్కడో ఉందని వెతుకులాడారు. ఈ లోపల ఎవరో ఆ వీడియోను తెర మీంచి రికార్డు చేసి వాట్సాప్‌లో వదిలారు. కింద రాసిన మాట, తప్పు పట్టుకోండి అన్న మాట, అందులో రాలేదు. ఒక్క పూటలో తల్లిదండ్రుల గ్రూపులన్నీ తిరిగింది. పక్క స్కూళ్ళకు వెళ్ళింది. మా స్కూలు పేరుతో, సైన్స్ టీచర్ రక్తం నీలమని నేర్పుతోందని. నా సొంత తోటికోడలు రాజమండ్రి నుంచి నాకే పంపి "మీ దుబాయ్‌లో చదువులు ఇలా ఉన్నాయా" అని అడిగింది.

మర్నాడు మెమో వచ్చింది. దాని వెనకే ముదీర్ ఫోను. "పేజీ ఖలాస్ మేడమ్. ఒక పేరెంట్ రేపు మాట్లాడటానికి వస్తున్నాడు. ఆ అమ్మాయినీ, వాళ్ళ అమ్మనీ కూడా రమ్మన్నా. పనిలో పని ఆ ఓపెన్ స్కూల్ సంగతి కూడా రేపే తేల్చేద్దాం."

ఆయన దృష్టిలో రెండు సమస్యలకూ కారణం ఒకే పిల్ల. ఒకే మీటింగులో సరిపోతుంది.

లైబ్రరీలో కూర్చున్నాం. మాస్కులు, దూరం దూరంగా కుర్చీలు. ఎవరి ముఖం ఎవరికీ సగమే కనబడుతోంది. వచ్చిన పేరెంట్ ఎవరో కాదు, మా హైదరాబాద్ మొనగాడి నాన్న, ఇంజినీరు. గోదావరి పిల్ల తల్లి పక్కన కూర్చుని బల్ల వైపే చూస్తోంది. తల్లి పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. అందరం తెలుగువాళ్ళమే కావడంతో తిట్లన్నీ మాతృభాషలోనే పడ్డాయి.

"ఏంది మేడమ్ ఇది?" అన్నాడాయన. "నీలం రక్తం అంట. మా ఆఫీసుల అందరు నన్ను జూసి నవ్వుతున్నరు. మీ పోరడు చదివే స్కూలేనా అని."

"పేజీ ఇవాళే మూసేస్తారు సార్" అన్నారు ముదీర్.

"మూస్తాను" అన్నాను. "ముందు ఒక్కటి చెప్పండి సార్. ఆ వీడియోలో తప్పేంటి?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "తప్పేందని అడుగుతరేంది? రక్తం ఎర్రగుంటది. చిన్న పిల్లలకు గూడ ఎర్కే."

"మరి మీ ముంజేతి మీద నరాలు నీలంగా ఎందుకున్నాయి?"

చొక్కా చేయి కొంచెం పైకి లాగి చూసుకున్నాడు. పక్కన ముదీర్ కూడా తన చేయి చూసుకున్నారు, ఎవరూ గమనించలేదనుకుని.

"అంటే... లోపల ఆక్సిజన్ లేని రక్తం ఉంటది గదా. అది అట్ల... బయటికొస్తే ఎర్రగైతది."

"ఆ పిల్ల చెప్పింది కూడా అదే సార్."

ఆయన చొక్కా చేయి కిందికి లాక్కున్నాడు. అప్పుడు ఆ పిల్ల తల ఎత్తకుండానే మాట్లాడింది. ఆ గొంతు ప్రతిధ్వని లేకుండా వినడం నాకు అదే మొదటిసారి.

"వీసా మెడికల్‌లో మీకు రక్తం తీశారు కదండీ. సూదిలోంచి నేరుగా గొట్టంలోకే వచ్చేస్తుంది. గాలి తగలదు. ఆ నరంలోంచే తీస్తారు. నీలంగా ఉందాండీ?"

ఈ దేశంలో ఉద్యోగానికి వచ్చినవాడెవడూ ఆ సూది తప్పించుకోలేడు. లైబ్రరీలో ఉన్న పెద్దవాళ్ళందరికీ ఒకేసారి ఆ గొట్టం కళ్ళముందు కదిలినట్టుంది. తల్లి మాత్రం పిల్ల మోచేతిని గట్టిగా పట్టుకుని "ఊరుకోవే" అంది.

"ఊరుకోవద్దు, చెప్పనీయమ్మా" అన్నారు ముదీర్. నేను కాదు, ముదీర్. ఆయన కుర్చీ ముందుకు జరిపారు. "ఎరుపే అయితే నీలంగా ఎందుకు కనబడద్ది?"

"ఎరుపు వెలుగు చర్మంలోకి లోతుగా దిగుతుంది సార్. నరం దాకా వెళ్ళిన ఎరుపుని అక్కడ రక్తం మింగేస్తుంది. నీలం అంత లోతుకి దిగదు, పైపైనే తిరిగొచ్చేస్తుంది. అందుకే నరం ఉన్నచోట ఎరుపు తగ్గి నీలంగా కనిపిస్తుంది. నీలం చర్మం వల్ల సార్, రక్తం వల్ల కాదు."

"ఇది మీ పుస్తకంలో లేదే."

"లేదు సార్. కామెంట్లలో పోట్లాడుకున్నాం."

"ఆగాగు." ఆయన మాస్కు కొంచెం కిందికి జారింది, ఆయనకది తెలియలేదు. వైస్ ప్రిన్సిపాల్ పోయి ఫిజిక్స్ మాస్టారు వచ్చి కూర్చున్నాడు. "రక్తం ఎరుపుని మింగేస్తే, మరి గొట్టంలో అది ఎర్రగా ఎట్టా కనబడద్ది? మింగేసిన రంగు కనబడకూడదు గదా?"

నిజంగానే మంచి ప్రశ్న. ఆ పిల్ల బల్ల మీద వేలితో ఏదో గీసుకుంది. అప్పుడు తల ఎత్తి ఆయన్ని సూటిగా చూసింది.

"తెలీదు సార్. మీ ప్రశ్న ఇవాళ పేజీలో పెడతాను. ఎవరో ఒకరు పట్టుకుంటారు."

ముదీర్ మాస్కు సర్దుకున్నారు. తన ప్రశ్నకు జవాబు కావాలంటే పేజీ ఉండాలి. పేజీ మూయమని ఇప్పుడే అన్నది ఆయనే. ఆ ఇరకాటాన్ని నేను తీరిగ్గా చూసి ఆనందించాను. నాకు సాయం చేసే ఉద్దేశం లేదు.

"సాయంత్రంలోపు జవాబు రావాల" అన్నారు చివరికి. "నాక్కూడా అందులో చూడటానికి పర్మిషన్ ఇవ్వండి మేడమ్."

"చూద్దాం సార్" అన్నాను.

హైదరాబాద్ ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా వాడు గూడ ఉన్నడా దీంట్ల?"

ఫోన్ తీసి చూపించాను. కొడుకు రాసిన కామెంట్లు ఒక్కొక్కటే వేలితో తోసుకుంటూ పోయాడు. చాలాసేపు పోయాడు. ఒకచోట ఆగి, పైకే చదివాడు. నీలం రక్తం వీడియో కింద వాళ్ళబ్బాయి అందరికన్నా ముందు రాసింది అది. రక్తం ముదురు ఎరుపే, పుస్తకంలో నీలం గుర్తు కోసం వేసిన రంగు మాత్రమే అని.

"నాకు గిదంత చెప్పలే వాడు. ఇంట్ల అడిగితే ఆఁ, ఊఁ తప్ప మాట రాదు మేడమ్."

"ఇంట్లో ఏదైనా తప్పు చెప్పి చూడండి సార్" అన్నాను. ఆయన నవ్వాడో లేదో మాస్కు వల్ల తెలియలేదు. కళ్ళు మాత్రం నవ్వాయి.

సాయంత్రానికి ముదీర్ ప్రశ్న కింద యుద్ధం జరిగింది. ఒకడు రక్తం అన్ని రంగుల్నీ సమానంగా మింగుతుందన్నాడు, ఇంకొకతి వాడిని చీల్చి చెండాడింది. చివరికి గోదావరి పిల్లా, హైదరాబాద్ పిల్లాడూ కలిసి తేల్చారు. రక్తం మిగతా రంగుల్ని బాగా మింగుతుంది, ఎరుపుని కొంచెమే మింగుతుంది. గొట్టంలో చూస్తే ఆ మిగిలిన ఎరుపే కంటికి వస్తుంది. చర్మం కింద నరాన్నయితే చుట్టూ ఉన్న చర్మంతో పోల్చి చూస్తాం, ఆ కొంచెం తగ్గడమే తేడాగా తెలుస్తుంది. ముదీర్ కింద ఒక్క మాట రాశారు. "కరెక్ట్." ఆయన స్కూల్లో ఆ మాట అనగా ఎవరూ వినలేదు.

ఆ పిల్ల పదో తరగతి మా స్కూల్ నుంచే రాసింది. ఓపెన్ స్కూల్ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తాను, ముదీర్‌ని ఇబ్బంది పెడదామని. "యల్లా, యల్లా, క్లాసుకి పోండి మేడమ్" అని తరిమేశారు. ఫలితాలు వచ్చిన రోజు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఏడ్చేసింది. నేను కూడా కాసేపు మైక్ మూసుకున్నాను. బయాలజీలో ఆ ఏడు క్లాసులో మొదటి మార్కు ఆ పిల్లదే. తర్వాత వెళ్ళి కామర్స్ తీసుకుంది. నేను రెండు రోజులు అలిగాను. "డబ్బు విషయంలో తప్పులు పట్టుకోవడం ఇంకా బాగుంటుంది మేడమ్" అంది. వాదించలేకపోయాను, నేర్పింది నేనే కదా.

గెలిచాం. అందులో అనుమానం లేదు. ఆ పిల్ల గెలిచింది, క్లాసు గెలిచింది, పోట్లాట గెలిచింది. ఒక్కటి మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. ఆ మీటింగ్ తర్వాతి వారం ఆ పిల్లే ఇంకో వీడియో చేసింది. అదే చేయి, అవే నరాలు, అదే నిమిషం. రక్తం నీలం ఎందుకు కాదో, నీలంగా ఎందుకు కనిపిస్తుందో, మొదటిదానికన్నా అందంగా చెప్పింది. ఆ తల్లీకూతుళ్ళ అనుమతి తీసుకుని నేనే దాన్ని తల్లిదండ్రుల గ్రూపులన్నిటిలో పెట్టించాను. జవాబుగా రెండు బొటనవేళ్ళ బొమ్మలు, ఒక నమస్కారం. అక్కడితో ఆగింది. మొన్న ఖోర్ ఫక్కాన్‌లో ఉండే మా చుట్టాలావిడ ఒక వీడియో పంపి "ఇది నిజమేనా వదినా" అని అడిగింది. తెరిస్తే పాతదే, తప్పుదే, ఇన్నేళ్ళ తర్వాత కూడా తిరుగుతూనే ఉంది.

పేజీలు పెడతామంటున్న కొత్త టీచర్లను నేను అడగాల్సింది ఇదొక్కటే. అదే పిల్ల, అదే చేయి, అదే గొంతు కదా. తప్పును అన్ని ఊళ్ళకూ మోసుకెళ్ళిన ఆ వేళ్ళు, ఒప్పు చేతికిచ్చేసరికి ఎందుకు ఆగిపోయాయి?